అట్ట మీద సీజన్ నంబరు: బఫీ కామిక్స్ మీద అభిమానుల కోపం వెనక కథ

2003 మే 20న అమెరికాలో ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ టీవీ సీరియల్ చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. పాతాళానికి ద్వారం ఉన్న సన్నీడేల్ ఊరు మొత్తం భూమిలోకి కుంగిపోతుంది. ఆ గొయ్యి అంచున నిలబడ్డ బఫీని చెల్లెలు డాన్ ‘ఇప్పుడేం చేద్దాం?’ అని అడుగుతుంది. బఫీ ఏమీ చెప్పదు. పెదవుల మీదికి మెల్లగా నవ్వు వస్తుంది, తెర నల్లబడుతుంది. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్ల కథ ఆ నవ్వుతో ముగిసింది.

డాన్ ప్రశ్నకు జవాబు నాలుగేళ్ల తర్వాత వచ్చింది. 2007 మార్చి నుంచి 2011 జనవరి దాకా డార్క్ హార్స్ కామిక్స్ సంస్థ 40 సంచికల్లో ఆ జవాబును అచ్చేసింది. ఆ 40 సంచికలు చదివినవాళ్లలో చాలామంది, అసలు బఫీ జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకుంటేనే బాగుండేదనుకున్నారు. ఇప్పటికీ బఫీ అభిమానులు నలుగురు చేరి ‘సీజన్ 8’ ఊసెత్తితే గొంతులు పెరుగుతాయి. టీవీ సీరియల్ అయిపోయాక కథను బొమ్మల పుస్తకాల్లో కొనసాగిస్తే ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సీరియల్ చూడనివాళ్లకు రెండు ముక్కలు. రక్తపిశాచాలను చంపే శక్తి తరానికి ఒక్క అమ్మాయికే వస్తుంది. ఆ అమ్మాయిని స్లేయర్ అంటారు. ఆమె చనిపోతే ఆ శక్తి ఇంకో అమ్మాయికి వెళుతుంది. బఫీ అలాంటి స్లేయర్, హైస్కూల్ పిల్ల. చివరి ఎపిసోడ్‌లో ఆమె స్నేహితురాలు విల్లో ఒక మంత్రంతో ఈ ఒక్కరి నియమాన్ని బద్దలుకొట్టి, స్లేయర్ కాగల ప్రతి అమ్మాయికీ ఆ శక్తిని ఒకేసారి పంచేస్తుంది. అభిమానులు గుండెల్లో దాచుకున్న ముగింపు అది. తర్వాత వచ్చిన కోపం లోతు తెలియాలంటే ఈ ముగింపును గుర్తుపెట్టుకోవాలి.

బఫీ కామిక్స్ 2007లో కొత్తగా పుట్టినవేం కావు. సీరియల్ నడుస్తున్న రోజుల్లోనే, 1998 నుంచి 2003 వరకు, ఇదే డార్క్ హార్స్ 63 సంచికల బఫీ కామిక్ వేసింది. నవలలైతే దండిగా వచ్చాయి. వాటిలో పేలవమైనవీ ఉన్నాయి, సీరియల్‌తో పొసగనివీ ఉన్నాయి. వాటి మీద పెద్ద గొడవలేమీ జరగలేదు. నచ్చితే చదివారు, నచ్చకపోతే పక్కన పడేశారు. ఎందుకంటే అవి లెక్కలోకి రావని అందరికీ తెలుసు. నవలలో విల్లోకి ఏం జరిగినా వచ్చే మంగళవారం టీవీలో కనిపించే విల్లోకి అంటదు.

2007లో మారింది ఆ లెక్కే. సీరియల్ సృష్టికర్త జాస్ వీడన్ స్వయంగా పగ్గాలు పట్టాడు. మొదటి కథ తనే రాశాడు. సీరియల్‌కు రాసిన డ్రూ గొడార్డ్, జేన్ ఎస్పెన్సన్ వచ్చారు. కామిక్స్ రంగంలో అప్పటికే పెద్ద పేరున్న బ్రయన్ కె. వాన్ చేయి వేశాడు. అట్ట మీద ‘సీజన్ 8’ అని పడింది. అభిమానులు కేనన్ అనే మాట వాడతారు. అసలు కథలో భాగంగా లెక్కలోకి వచ్చేది అని దాని అర్థం. ఇక నుంచి ఈ బొమ్మల పుస్తకమే కేనన్ అని ఆ అట్ట చెప్పినట్టయింది. మొదటి సంచిక లక్ష కాపీలకు పైగా అమ్ముడుపోయింది. జన్మలో కామిక్స్ షాపు గడప తొక్కనివాళ్లు కూడా లోపలికి వెళ్లి, ఏ అరలో వెతకాలో తెలియక కౌంటర్ దగ్గర అడిగి కొనుక్కున్నారు. 2008లో ఉత్తమ కొత్త సిరీస్‌గా ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది. కామిక్స్ లోకంలో అంతకంటే పెద్ద గుర్తింపు లేదు.

అంటే మొదట్లో అందరూ సంబరంగానే ఉన్నారు. అయిదో సంచికలో ఒక చిన్న కథ ఉంది. శత్రువులను ఏమార్చడానికి బఫీ వేషంలో పాతాళంలోకి వెళ్లిన ఒక పేరులేని స్లేయర్ కథ. ఆమె అక్కడే చనిపోతుంది, ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. సీరియల్‌లోని మంచి ఎపిసోడ్ల పక్కన కూర్చోబెట్టగల కథ అది. సీజన్ 8ను తిట్టేవాళ్లు కూడా దీని జోలికి రారు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? మొదటి ఫిర్యాదు బఫీ జీవితం గురించే. టీవీలో బఫీకి డబ్బులుండేవి కావు, ఆ సీరియల్‌కూ బోలెడు డబ్బులుండేవి కావు. రాక్షసులు రబ్బరు ముఖాలతో తిరిగేవారు. యుద్ధాలన్నీ ఒక శ్మశానంలోనో, స్కూల్ లైబ్రరీలోనో అయిపోయేవి. ఆ ఇరుకులోంచే దాని బలం వచ్చింది. అయిదో సీజన్‌లో తల్లి చనిపోతుంది. ఆరో సీజన్‌లో ఇంట్లో పైపులు పగిలి నేలమాళిగ నీళ్లతో నిండితే బఫీ అప్పు కోసం బ్యాంకుకు వెళుతుంది. వాళ్లు ఇవ్వరు. ఆఖరికి బర్గర్ల దుకాణంలో ఉద్యోగానికి చేరుతుంది. లోకాన్ని కాపాడిన అమ్మాయి నూనె కంపు కొట్టే యూనిఫామ్ వేసుకుని నిలబడుతుంది.

కామిక్‌లో అదే బఫీ స్కాట్లాండ్‌లోని కోటలో ఉంటుంది. పది దళాలుగా దాదాపు 500 మంది స్లేయర్లు ఆమె కింద పనిచేస్తుంటారు. ఇంత దండుకు డబ్బెక్కడిదంటే, స్విట్జర్లాండ్‌లో ఒక బ్యాంకును దోచుకుంది! అప్పు దొరక్క తల దించుకుని బయటికొచ్చిన అమ్మాయికీ, బ్యాంకు దోచిన సేనాధిపతికీ మధ్య దారి ఎక్కడుందో పాఠకులకు కనిపించలేదు. డాన్ శాపం తగిలి తాటిచెట్టంత పెరుగుతుంది, టోక్యో వీధుల్లో తనలాంటి మరబొమ్మతో కుస్తీ పడుతుంది, తర్వాత సగం గుర్రమవుతుంది, ఆ తర్వాత బొమ్మవుతుంది. కాగితం మీద రాక్షసుడైనా కాఫీ కప్పయినా గీయడానికి ఒకటే ఖర్చు. ఆ స్వేచ్ఛ దొరికేసరికి రచయితలు పెళ్లిభోజనానికి కూర్చున్న పిల్లల్లా అన్నీ ఒకేసారి వడ్డించుకున్నారు.

రెండోది కాలం. టీవీలో ఒక సీజన్ అంటే 22 ఎపిసోడ్లు, సెప్టెంబరులో మొదలై మే నాటికి సరి. వారానికి ముప్పావు గంట. కామిక్ నెలకు 22 పేజీలు, ధర 2.99 డాలర్లు, తాపీగా చదివినా పావుగంటలో అయిపోతుంది. నాలుగు సంచికల కథ ఇంచుమించు ఒక ఎపిసోడ్‌తో సమానం. ఆ లెక్కన ఒక ఎపిసోడ్ చూడటానికి నాలుగు నెలలు ఆగాలి. మొత్తం సీజన్‌కు నాలుగేళ్లు పట్టింది, 120 డాలర్లు అయ్యాయి. మొదట పాతిక సంచికల లోపే ముగిద్దామనుకున్న కథ 40కి సాగింది. టీవీలో ఒక వారం ఎపిసోడ్ చప్పగా ఉంటే వచ్చే వారం మర్చిపోతాం. అదే చప్పటి కథ అయిదు నెలలు సాగితే, ప్రతి నెలా దానికోసం షాపుకు వెళ్లి డబ్బు కట్టి తెచ్చుకోవాల్సి వస్తే, విసుగు అసలు కంటే వడ్డీ పెరిగినట్టు పెరుగుతుంది. వరసగా ఒకే రోజు చదివేసినవాళ్లకు సీజన్ 8 అంత చెడ్డగా అనిపించకపోవడానికి ఇదొక కారణం.

మూడోది ముఖాలు, గొంతులు. చిత్రకారుడు జార్జ్ జాంటీ చేతివాటం వేగంగా, చలనంతో ఉంటుంది. జో చెన్ వేసిన అట్టలు ఫొటోల్లా ఉంటాయి. అట్ట మీద బఫీగా నటించిన సారా మిషెల్ గెల్లార్ కనిపిస్తుంది. లోపల పేజీ తిప్పితే జుట్టు రంగు చూసి పోల్చుకోవాల్సిన ఇంకో అమ్మాయి. కొన్ని పేజీల్లో ఇద్దరు స్లేయర్లలో ఎవరు ఎవరో తెలియక వెనక్కి తిప్పి చూసుకోవాలి. జాంటీని తిట్టిపోసినవాళ్లు అప్పట్లో చాలామందే, కానీ ఆ తిట్లలో సగం అన్యాయం. అచ్చంగా నటుల పోలికలనే దించుతూ కూర్చుంటే బొమ్మలు బిగుసుకుపోతాయని కామిక్స్ గీసే ఎవరైనా చెబుతారు. అసలు లోటు ఇంకా లోపల ఉంది. బఫీలో సంభాషణలే ప్రాణం. రక్తపిశాచి స్పైక్ లండన్ యాసలో విసిరే మాట, విల్లో తడబడుతూ వాక్యాన్ని మధ్యలో వదిలేయడం, ఇవన్నీ నటుల నాలుక మీద పుట్టినవి. సగం కంటే ఎక్కువ సేపు ఒక్క మాటా లేకుండా నడిచే ఎపిసోడ్ కూడా ఆ సీరియల్‌లో ఉంది. అక్కడ కళ్లే అన్నీ మోశాయి. ఆ కళ్లు లేనప్పుడు అదే రచయిత రాసిన అదే తరహా మాట బుడగలో చప్పగా పడి ఉంటుంది.

ఇక వారెన్ సంగతి. బఫీ అభిమానులు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆరో సీజన్‌లో వారెన్ అనే కుర్రాడు విల్లో ప్రియురాలు టారాను కాల్చి చంపుతాడు. పిచ్చి కోపంతో విల్లో మంత్రబలంతో అతని చర్మం ఒలిచేస్తుంది. సీరియల్ మొత్తంలో విల్లో చేసిన అతి పెద్ద పాపం అదే. ఏడో సీజన్ అంతా ఆ భారంతోనే ఆమె నడుస్తుంది. కామిక్ నాలుగో సంచికలో చూస్తే వారెన్ బతికే ఉన్నాడు. చర్మం లేకుండా, ఎమీ అనే మంత్రగత్తె అండతో. చిక్కేమిటంటే, ఏడో సీజన్‌లో ‘ఫస్ట్’ అనే దుష్టశక్తి వారెన్ రూపంలో కనిపించింది. చనిపోయినవాళ్ల రూపం మాత్రమే అది ధరించగలదన్నది ఆ సీజన్ పెట్టుకున్న ప్రధాన నియమం. అభిమానులు పట్టుకున్నారు. ఆ సంగతి మర్చిపోయానని వీడన్ ఒప్పుకుని, వారెన్ క్షణకాలం చనిపోయి మళ్లీ బతికాడని సర్దిచెప్పాడు. నియమం అతికింది. విల్లో పశ్చాత్తాపం మాత్రం గాలిలో వేలాడింది. చంపనే లేదన్నప్పుడు ఆమె ఏడాది పాటు దేనికి కుమిలినట్టు? తర్కంలో పడిన కన్నాన్ని ఒక వాక్యంతో పూడ్చొచ్చు గానీ ఇలాంటిదాన్ని పూడ్చలేరు.

అన్నిటికంటే పెద్ద మంట ఏంజెల్ దగ్గర రాజుకుంది. దీనికి కథ ఎంత కారణమో వ్యాపారం అంత కారణం. ఏంజెల్ బఫీ తొలి ప్రేమికుడు, ఆత్మ తిరిగొచ్చిన రక్తపిశాచి. అతనికి విడిగా అయిదు సీజన్ల సీరియల్ నడిచింది. 2004 మేలో వర్షంలో, ఒక సందులో, మీదికి దూసుకొస్తున్న రాక్షససేన ముందు కత్తి పట్టుకుని నిలబడటంతో అది ముగిసింది. ఈ రెండు సీరియళ్ల హక్కులూ అప్పట్లో ఫాక్స్ సంస్థవే. కామిక్స్ లైసెన్సు మాత్రం వేరువేరుగా ఇచ్చింది. బఫీ డార్క్ హార్స్‌కు, ఏంజెల్ ఐడీడబ్ల్యూ అనే ఇంకో కామిక్స్ సంస్థకు. 2007 నవంబరులో వీడన్, బ్రయన్ లించ్ కలిసి అల్లిన ఏంజెల్ కొనసాగింపు ఐడీడబ్ల్యూలో మొదలైంది. లాస్ ఏంజెలెస్ నగరం మొత్తం నరకంలో పడుతుంది, 17 సంచికల తర్వాత మళ్లీ బయటపడుతుంది, ఏంజెల్ జనం దృష్టిలో హీరో అవుతాడు. లించ్ కథ చాలామందికి నచ్చింది కూడా.

అదే సమయంలో డార్క్ హార్స్ పుస్తకంలో ట్విలైట్ అనే ముసుగు విలన్ స్లేయర్లను వేటాడుతుంటాడు. అతనెవరన్నది రెండేళ్లకు పైగా సాగిన సస్పెన్స్. ముసుగు తీస్తే ఏంజెల్. అంటే ఒకే నెలలో ఒకే షాపులో, ఒక అరలో ఏంజెల్ మనుషుల్ని కాపాడుతుంటాడు, ఇంకో అరలో ముసుగేసుకుని ఆడపిల్లలను చంపిస్తుంటాడు. రెండింటికీ వీడన్ ఆశీస్సులున్నాయి. రెండు సంస్థల మధ్య ఒకరి కథ ఇంకొకరు ప్రస్తావించే వీలు పెద్దగా లేదు. హీరో విలన్‌గా ఎప్పుడు మారాడు, ఎందుకు మారాడు అన్న మధ్య ముక్క ఇద్దరి పుస్తకాల్లోనూ సరిగ్గా లేకుండా పోయింది. వేళ్లు మడిచి కాలక్రమం లెక్కలేసి, ఇది అసలు పొసుగుతుందా అని పాఠకులే కుస్తీ పట్టారు.

ఆ సస్పెన్స్ కూడా సరిగ్గా పేలలేదు. అమెరికాలో కామిక్స్ షాపులు రెండు మూడు నెలల ముందే కేటలాగ్ చూసి ఆర్డర్ పెట్టాలి, మిగిలిన కాపీలు తిరిగి తీసుకోరు. అందుకే రాబోయే సంచికల అట్టలు ముందే బయటపెడతారు. అలా 2010 జనవరిలో, కథలో ముసుగు తొలగడానికి వారాల ముందే, ట్విలైట్ దుస్తుల్లో ఏంజెల్ ఉన్న అట్ట బయటికొచ్చేసింది. ఇక దాచలేక ప్రచురణకర్తలే ఆ కబురు అధికారికంగా చెప్పుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు కాసుకున్న రహస్యం కేటలాగ్‌లో తెలిసిపోవడం ఎంత ఉసూరుమనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

తర్వాత జరిగినది ఇంకా విడ్డూరం. తన స్లేయర్లను చంపించినవాడు ఏంజెలే అని తెలిశాక బఫీ అతనితో ఆకాశంలో ఎగురుతూ శృంగారంలో మునిగిపోతుంది. విశ్వమే వాళ్లను అలా నడిపించిందని, దాంతో ఒక కొత్త లోకం పుట్టిందని వివరణ. ‘విశ్వం చేయించింది’ అన్న మాటతో పాత్రల బాధ్యత మొత్తం ఎగిరిపోయింది. 39వ సంచికలో, 2010 డిసెంబరులో, ట్విలైట్ శక్తి పూనిన ఏంజెల్ గైల్స్ మెడ విరిచేస్తాడు. బఫీకి గురువూ తండ్రిలాంటివాడూ అయిన గైల్స్ సీజన్ 8లో కనిపించిందే తక్కువ. ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చోబెట్టి, చివర్లో చంపడానికి పిలిచారన్నది అభిమానుల కసి. ఆయన వీలునామాలో ఆస్తంతా ఇంకో స్లేయర్ ఫెయిత్‌కు వెళ్లింది. బఫీకి మిగిలింది రక్తపిశాచాల గురించిన ఒక పాత పుస్తకం, మొదటి ఎపిసోడ్‌లో ఆయన ఆమె ముందు ధబ్బుమని పెట్టిన పుస్తకం. బొమ్మల్లో ఇంత చిన్న వివరం ఇంత బాగా కుదిరిన చోటే, ఇది రాయగలిగినవాళ్లు మిగతాది ఎందుకిలా రాశారన్న బాధ ఎక్కువవుతుంది.

ముగింపులో బఫీ మంత్రశక్తికి మూలమైన బీజాన్ని పగలగొడుతుంది. లోకంలో మంత్రమే లేకుండా పోతుంది. కొత్త స్లేయర్లు ఇక పుట్టరు. స్లేయర్లంటే జనానికి పడదు, హార్మొనీ అనే రక్తపిశాచి టీవీ షోతో తారైపోతుంది. శక్తిని అందరికీ పంచిన ఆ చివరి ఎపిసోడ్ ఏమైనట్టు? సన్నీడేల్ గొయ్యి అంచున నవ్విన నవ్వు తప్పుడు లెక్క అయిపోయింది. నవలలో ఇలా జరిగితే పుస్తకం మూసేస్తే సరి. అట్ట మీద ‘సీజన్ 8’ అని ఉంది కాబట్టి మూసినా పోదు. సీరియల్ మళ్లీ చూస్తున్నప్పుడు గైల్స్ తెర మీదికి రాగానే ఆ విరిగిన మెడ గుర్తొస్తుంది. మింగలేక కక్కలేక అంటారే, అలాంటి స్థితి.

నలభయ్యో సంచిక చివర వీడన్ పాఠకులకు ఉత్తరం రాశాడు. ఖర్చుకు హద్దు లేదన్న ఉత్సాహంలో కథను పెద్దది చేస్తూ పోయానని, తనకూ పాఠకులకూ నచ్చేది మామూలు మనుషుల్లాంటి ఆ పాత్రలేనని దారిలో తెలిసిందని దాని సారాంశం. నిజాయితీ గల మాటే. 120 డాలర్లు కట్టాక వినిపించింది.

సీజన్ 9 నేల మీదికి దిగుతుందని మాటిచ్చారు. 2012 ఫిబ్రవరిలో వచ్చిన ఆరో సంచికలో, గర్భవతినని అనుకున్న బఫీ గర్భస్రావం చేయించుకోవాలని నిర్ణయించుకుంటుంది. అమెరికాలో నిప్పులాంటి విషయం. పత్రికలు రాశాయి. బఫీ మళ్లీ ఒక సామాన్య యువతి కష్టం దగ్గరికి వచ్చిందని పాఠకులూ సంతోషించారు. మరుసటి సంచికలో ఆమె చేయి ఊడుతుంది, లోపల తీగలు! ఆ శరీరం మరమనిషిది. గర్భమే లేదు. పాము చావకుండా కర్ర విరగకుండా అన్న పద్ధతి. ఏంజెల్ ముసుగు కోపం తెప్పిస్తే, ఇది నమ్మకం పోగొట్టింది. పెద్ద విషయం ఎత్తుకున్న ప్రతిసారీ ఏదో మలుపు పేరుతో తప్పించుకుంటారని పాఠకులకు అర్థమైపోయింది.

అదే సమయంలో పక్కనే నడిచిన ‘ఏంజెల్ అండ్ ఫెయిత్’ను మాత్రం సీజన్ 8ను తిట్టినవాళ్లే నెత్తిన పెట్టుకున్నారు. క్రిస్టోస్ గేజ్ రచన, రెబెకా ఐజాక్స్ బొమ్మలు, 25 సంచికలు. లండన్‌లో గైల్స్ వదిలివెళ్లిన ఇంట్లో ఇద్దరు మనుషులు. తాను చంపిన గైల్స్‌ను ఎలాగైనా బతికించాలని ఒకడి ఆరాటం, వాడికి పిచ్చెక్కకుండా కాపలా కాసే పని ఇంకొకరిది. సేనలు లేవు, కొత్త లోకాలు లేవు. చేసిన తప్పు ఎదురుగా కూర్చుని ఉంటుంది, దాన్ని దాటి కథ ముందుకు పోదు. ఐజాక్స్ గీసిన ఫెయిత్ ముఖంలో ఆ నటి కనిపిస్తుంది, బిగుసుకుపోకుండానే. చివరికి గైల్స్ బతికొస్తాడు, చిన్న పిల్లాడి ఒంట్లో. అది కూడా వెర్రి మలుపే. అయినా పాతిక నెలలు ఆ బాధను మోసిన కథ కాబట్టి జనం నవ్వి ఒప్పుకున్నారు.

బఫీ ఒక్కదానికే పట్టిన గతి కాదిది. ‘ద ఎక్స్-ఫైల్స్’ టీవీ సీరియల్ 2002లో ఆగింది. 2013 జూన్‌లో ఐడీడబ్ల్యూ దానికి ‘సీజన్ 10’ పేరుతో కామిక్ మొదలుపెట్టింది, జో హారిస్ రచన. సృష్టికర్త క్రిస్ కార్టర్ పేరు కూడా దాని మీద వేశారు. టీవీలో చనిపోయిన లోన్ గన్‌మెన్ అనే ముగ్గురు పాత్రల జట్టు చావలేదని, చచ్చినట్టు నటించారని తేల్చారు. పాతిక సంచికలయ్యాక ‘సీజన్ 11’ కూడా వేశారు. 2016 జనవరిలో సీరియల్ టీవీకి తిరిగొచ్చింది. కామిక్స్‌లో జరిగినదాన్ని అది అసలు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ సీరియల్‌కు రెండు పదో సీజన్లు ఉన్నాయి. వాటిలో ఏది లెక్కలోకి వస్తుందో ఎవరినీ అడగక్కర్లేదు. బఫీ అభిమానుల బాధ కథ చెల్లుతుందని, వీళ్ల బాధ చెల్లలేదని. నటులు తిరిగొచ్చిన రోజున కాగితం మీది సీజన్ నంబరు ఎంత తేలికో ఇక్కడ బయటపడింది.

బఫీ కామిక్స్ తర్వాత కూడా సాగాయి. సీజన్ 10 ముప్పై సంచికలు, 11 పన్నెండు, 12 నాలుగే. కథ ఊరట కలిగించే దారిలో పడింది గానీ కొనేవాళ్లు పలచబడ్డారు. 2018లో డార్క్ హార్స్ ముగించింది. 2019 జనవరిలో బూమ్ స్టూడియోస్ బఫీని మళ్లీ హైస్కూల్ పిల్లను చేసి, ఈ కాలంలో పెట్టి, మొదటినుంచి మొదలుపెట్టింది. అట్ట మీద ఏ సీజన్ నంబరూ లేదు. అందులో పాత్రలు మారినా, చచ్చినా పాత అభిమానులు పెద్దగా రక్తపోటు పెంచుకోలేదు.

2023 అక్టోబరులో ఆడియో పుస్తకాల సంస్థ ఆడిబుల్ నుంచి ‘స్లేయర్స్’ అనే శ్రవ్య నాటకం వచ్చింది. కథ సీరియల్ ముగిసిన పదేళ్ల తర్వాత నడుస్తుంది, కామిక్స్ అసలు జరగనట్టే. బొమ్మల్లేవు, కోటల్లేవు. స్పైక్‌గా జేమ్స్ మార్స్టర్స్ గొంతు, గైల్స్‌గా ఆంథొనీ హెడ్ గొంతు. గెల్లార్ మాత్రం అందులో లేదు.